తలుపులు మూసిన యేండ్లు



గత మాసమున మాకు వచ్చిన జాబులలో నొకదానిని మేము ముమ్మారు చదువుకొంటిమి. వ్రాసిన సోదరి పేరును ఊరును చెప్పము. చెప్పవలదని యామెయే కోరినది. కళాశాలలో చదువుకొను దినములలో ఆమె టేబిల్ టెన్నిసు ఆడి రెండు కప్పులు గెలుచుకొన్నదట. పిమ్మట వివాహము, మామగారి దీర్ఘవ్యాధి, ఇద్దరు బిడ్డలు. ఎనిమిదేండ్లుగా బ్యాటు ముట్టలేదట. ఇప్పుడామె వయస్సు ఇరువదితొమ్మిది. తమ వీధిలోని పాఠశాలలో ఆదివారము సాయంకాలములందు స్త్రీలు ఆడుకొనుటకు ఏర్పాటు చేసినారనియు, పోవలెనని మనసు లాగుచున్నదనియు, పెట్టె యడుగున నున్న బ్యాటు తీసి చూడగా దాని రబ్బరు అంచున ఊడియున్నదనియు వ్రాసినది. చివర రెండు ప్రశ్నలు వేసినది. "ఈ వయస్సున మరల మొదలుపెట్టినచో నలుగురు నవ్వరా? తప్పిపోయిన చేయి మరల తిరుగునా?"

నవ్వువారు నవ్వుదురు, దానికి మేము చేయగలిగినదేమియు లేదు. రెండవ ప్రశ్నకు మాత్రము మాకు వెంటనే జవాబు తోచక మా వారి నడిగితిమి. ఉపాధ్యాయులు గదా, ఏ ప్రశ్నకైనను జవాబునకు ముందొక పుస్తకము చేతికిత్తురు. ఈ మారును అట్లే చేసిరి. అది ఆటల చరిత్రము. వంటయింటిలో పప్పు ఉడుకుచుండగా తెరచితిమి, పప్పు అడుగంటినది. మమ్ము అంతగా పట్టియుంచినది రుమేనియా దేశపు ఆంజెలికా రొజెయాను అను నామె జీవితము.

ఆమె 1921 అక్టోబరులో ఆ దేశపు రాజధానియగు బుకారెస్టు నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. పుట్టింటి పేరు ఆడెల్‌స్టైన్. ఎనిమిదేండ్ల ప్రాయమున ఆమెకు స్కార్లెట్ జ్వరము సోకెను. గొంతు వాచి, ఒడలెల్ల ఎఱ్ఱని దద్దురు లేచు జ్వరమది. పెన్సిలిను ఇంకను వైద్యమునకు అందని దినములు గనుక ఆ జ్వరము వచ్చిన బిడ్డను నెమ్మదిగా కోలుకొననిచ్చుటయే ముఖ్యమైన చికిత్స. జ్వరము విడిచి, పథ్యము తిని, మంచముమీద విసుగెత్తి, తల్లిని నిమిషమున కొకమారు పిలుచు బిడ్డను ఎఱుగని యిల్లాలెవ్వరు? ఆ పిల్లకు పొద్దుపోవుటకై అన్న గస్టాను ఒక బ్యాటును బంతిని తెచ్చి యాట నేర్పెను. అట్టి బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చి ఊరకుండు తల్లులలో మేమును ఒకరము గనుక ఈ ఘట్టమును చదివినప్పుడు కొంత సిగ్గుపడితిమి.

ఈ యాట నెఱుగని సోదరీమణులకు రెండుమాటలు చెప్పవలెను. బల్ల తొమ్మిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, రెండున్నర యడుగుల యెత్తు. నడుమ ఆరంగుళముల వల. ఆనాటి బంతి సెల్యులాయిడుది, అడ్డుకొలత 38 మిల్లీమీటర్లు. 2000 సంవత్సరమునుండి 40 చేసిరి. ఆనాడు ఆట 21 పాయింట్లకు సాగెడిది. 2001 నుండి 11కే ముగియుచున్నది. బ్యాటు చెక్కతో చేసినది, దానిపై చిన్న చిన్న బుడిపెలు గల రబ్బరు. నేటి బ్యాటులలోవలె రబ్బరుక్రింద స్పాంజి లేదు. బంతిని ముందుకు గట్టిగా కొట్టి గెలువజూచుట ఒక పద్ధతి. బల్లకు దూరముగా జరిగి, వచ్చిన బంతి నెల్ల తిరిగి పంపుచు, ఎదుటివారిని అలయించుట మరియొక పద్ధతి. ఆంజెలికా ఈ రెండవ పద్ధతియందు మేటి. అట్లకాడను పెనముమీది యట్టు క్రిందికి ఎట్లు వాలుగా దూర్చుదుమో, అట్లే బ్యాటును బంతి యడుగునకు వాలుగా దింపవలెను. అప్పుడు బంతి వెనుకకు తిరుగుచు పోయి, అవతల బల్లపై పడి, ముందుకు రాక క్రుంగిపోవును. దానిని పైకెత్తలేక అవతలివారు వలలో కొట్టుకొందురు. ఎత్తిన బంతి కొంచెము పొంగెనా, ఆంజెలికా ముందుకు దుమికి కొట్టెడిది.

ఓర్పుతో నాడు ఆట యెంతదూరము సాగునో ఒక్క ముచ్చట చెప్పెదము. 1936లో ప్రేగు నగరమున జరిగిన ప్రపంచపు పోటీలలో పోలండువాడగు ఎర్లిహ్, రుమేనియావాడగు పానెత్ అనువారు ఒక్క పాయింటు కొఱకు రెండు గంటలకు పైగా బంతిని అటునిటు పంపుచునే యుండిరట! ఒక్క పాయింటు! మరుసటి యేడు ఆస్ట్రియాలోని బాడెనున స్త్రీల తుదిపోటీ కాలము మించిపోగా నిర్వాహకులు ఆట నాపివేసి, ఆ యేటి బిరుదు నెవ్వరికిని ఈయక ఖాళీగా నుంచిరి. అమెరికావనితయగు రూత్ ఆరన్స్, ఆస్ట్రియావనితయగు ట్రూడె ప్రిట్జి ఆ తుదిపోటీలో ఆడినవారు. వారిరువురిని సహవిజేతలుగా 2001లో ప్రకటించిరి. అరువదినాలుగేండ్ల తరువాత వచ్చిన న్యాయము. ఇట్టి ఆటలు మితిమీరినందున వలయెత్తును తగ్గించిరి, కాలపు కట్టుబాట్లును బిగించిరి.

ఇది యట్లుండ, 1936లోనే ఆంజెలికా పదునైదేండ్ల ప్రాయమున రుమేనియా దేశమునందెల్ల ప్రథమురాలయ్యెను. 1938లో హంగేరీవారి అంతర్జాతీయ పోటీని గెలిచెను. ఈ యాటకు ఆ కాలమున హంగేరీ పుట్టినిల్లువంటిది. స్త్రీల ప్రపంచబిరుదును మొట్టమొదట గెలిచినదియు, వరుసగా అయిదుమార్లు నిలుపుకొన్నదియు హంగేరీ వనితయగు మరియా మెద్న్యాన్‌స్కీ. అట్టివారి యింటికి పోయి గెలిచి వచ్చిన పదునారేండ్ల పిల్లకు మున్ముందు ఎట్టి కీర్తి రానున్నదో ఎవరైనను ఊహింపగలరు.

వచ్చినది కీర్తి కాదు. 1940లో రుమేనియా ప్రభుత్వము యూదుల హక్కులను హరించు శాసనములు చేసెను. 1941 జనవరిలో బుకారెస్టు వీధులలోనే యూదులపై మారణకాండ జరిగెను. రుమేనియా యేలుబడిలో నున్న భూములలో ఆ యుద్ధకాలమున హతులైన యూదులు 2,80,000 మొదలు 3,80,000 వరకు నుందురని ఎలీ వీజెల్ అధ్యక్షతన కూడిన సంఘము 2004లో నివేదించినది. ఆంజెలికా ప్రాణములతో మిగిలెను. కాని యూదురాలగుటచేత ఆమెను వ్యాయామశాల గడపయైనను తొక్కనీయరైరి. 1940 మొదలు 1944 వరకు ఆటకు దూరమయ్యెను. అనగా పందొమ్మిదవ యేటినుండి ఇరువదిమూడవ యేటివరకు. కాలు చురుకుగను కన్ను తీక్ష్ణముగను ఉండు యేండ్లు.

ఈ పుటవద్ద మేము చాలసేపు ఆగిపోతిమి. విరాటపర్వము మాకు నాయనగారు ఒడిలో కూర్చుండబెట్టుకొని చెప్పినది. పాండవులు ఆయుధములను మూటగట్టి జమ్మిచెట్టుపై దాచిన ఘట్టము వచ్చినప్పుడెల్ల, "నాయనా, ఎవరైన ఎత్తుకొనిపోరా?" అని అడిగెడివారము. ఇప్పుడు తోచుచున్నది, పాండవుల కష్టములో ఒక సుఖము కలదు. గడువు వారికి తెలియును. ఒక్క యేడు; దినములు లెక్కపెట్టుకొనవచ్చును. గడువు తీరిననాడు చెట్టు అక్కడనే యుండును, గాండీవము అక్కడనే యుండును. బుకారెస్టులోని యీ పిల్లకు గడువు చెప్పినవా రెవ్వరు? తలుపు ఒక యేటికి తెరచుకొనునో, ఎన్నడును తెరచుకొనదో, తెరచుకొనునాటికి తాను బ్రదికియుండునో లేదో తెలియదు. తీసుకొనబడిన యేండ్లకన్న ఆ తెలియకపోవుటయే పెద్ద శిక్షయని మాకు తోచినది.

1944 ఆగస్టులో రుమేనియా జర్మనీ పక్షమును విడిచెను. తలుపులు తెరచుకొనెను. ఆమె మరల బ్యాటు పట్టెను. దేశపు బిరుదును మరల కైవసము చేసికొని 1957 వరకు ఒరుల కీయలేదు. అప్పటికే వివాహమై ఆంజెలికా రొజెయాను అను పేరుతో ఆడుచుండెను. అయినను ప్రపంచపు బిరుదు వెంటనే రాలేదు. 1947, 1948, 1949 సంవత్సరములలో దానిని హంగేరీ వనిత గిజెల్లా ఫర్కాష్ వరుసగా గెలిచెను. 1950లో పోటీలు ఆ ఫర్కాషు దేశమగు హంగేరీలోనే, బుడాపెస్టు నగరమున జరిగెను. తుదిపోటీలో ఎదురెదురుగా నిలిచినవారు ఫర్కాషును రొజెయానును. మూడేండ్ల విజేత, తన ఊరు, తన జనము. గెలిచినది రొజెయాను. అప్పుడామె వయస్సు ఇరువదియెనిమిది.

జాబు వ్రాసిన సోదరి ఈ సంఖ్యను గమనింపవలెను. ఆమె కంటె ఒక్క యేడే చిన్న.

మరుసటి యేడు వియన్నాలో మరల ఫర్కాషుపైననే గెలుపు. 1952లో బొంబాయిలో, 1953లో తన సొంతపురమగు బుకారెస్టులో మరల ఆమెపైననే. 1954లో లండనునందలి వెంబ్లీలో జపానుకన్య యోషికో తనాకాపైన, 1955లో హాలండులోని ఉట్రెక్టులో ఆస్ట్రియావనిత లిండె వెర్ట్‌ల్‌పైన. ఆరేండ్లు వరుసగా ఆరు బిరుదులు! స్త్రీలలో ఇన్ని సింగిల్సు బిరుదులు గెలిచినవారు నేటివరకు మరియొకరు లేరు. ఆఱవది గెలుచునప్పటికి ఆమెకు ముప్పదిమూడేండ్లు. జంటల యాటలలోను, దేశపు జట్టుతోను గెలిచినవానిని కలిపినచో మొత్తము 17 ప్రపంచబిరుదులు. 1956 మొదలుకొని స్త్రీల సింగిల్సు బిరుదు ఆసియా ఖండమువారిదే యగుచు వచ్చినది. ఆసియాకు వెలుపలి దేశమునుండి దానిని గెలిచిన కడపటి వనిత నేటికిని రొజెయానుయే.

ఫర్కాషు సంగతియు మా మనసును విడువలేదు. మూడేండ్లు విజేతగా నుండి, వెంటవెంటనే నాలుగేండ్లు అదే మనిషి చేతిలో తుదిమెట్టున ఓడుట సామాన్యమైన పరీక్షయా? మేమైనచో ఆ మనిషి ముఖము చూచియుండము. కాని 1953లో వీరిరువురు ఒకే జంటగా నిలిచి స్త్రీల డబుల్సు బిరుదు గెలిచిరి! సింగిల్సులో ఒకరి నొకరు ఎదిరించిన పోటీలలోనే, బల్లకు ఒకే ప్రక్కన నిలిచి. తోడికోడండ్ర కథలు వ్రాయు మన రచయిత్రులు ఈ ముచ్చటను ఒకమారు తలచుకొందురు గాక.

బొంబాయి పోటీలను గూర్చి కొంచెము చెప్పక తప్పదు. ప్రపంచపు పోటీలు ఆసియాలో జరుగుట అదియే ప్రథమము. పురుషులలో జపానువాడగు సతో అను నతడు దళసరి స్పాంజి అంటించిన బ్యాటుతో వచ్చెను. చెక్కమీది పలుచని రబ్బరునకు బంతి తగిలినప్పుడు టక్కుమని వినవచ్చెడి చప్పుడు ఆ స్పాంజిలో మునిగిపోయినది. ఆ చప్పుడునుబట్టి దెబ్బను ఊహించు అలవాటుగల మేటి యాటగాండ్రు తికమకపడి ఓడిపోయిరి. స్త్రీల జట్టుపోటీలో కార్బియాన్ కప్పును జపాను కన్యలే కొనిపోయిరి. ఆ గందరగోళములోను రొజెయాను తన పాత బ్యాటుతోనే సింగిల్సు గెలిచి, హంగేరీవాడగు సిదోతో కలిసి మిక్సెడ్ డబుల్సును గెలిచెను. ఆ దినములలో భారతదేశపు స్త్రీల బిరుదు మన హైదరాబాదు బాలికది. సయీద్ సుల్తానా అని పేరు. చిరుతప్రాయముననే 1949లో ఆ బిరుదు గెలిచి 1954 వరకు విడువలేదు. పిమ్మట పాకిస్తానునకు వలసపోయి అక్కడను ఆడినది. ఆమెను గూర్చి మన యిండ్లలో ఎందరికి తెలియును? మాకును ఈ మాసము వరకు తెలియదు.

రొజెయాను తుదిదినములు త్వరగా చెప్పుదుము. ఆ దశాబ్దము చివర రుమేనియా క్రీడాధికారులలో యూదులయెడ నిరాదరణ మరల తలయెత్తినది. దేశమునకు ఇన్ని బిరుదులు తెచ్చిన చేయి అప్పుడును గుర్తునకు రాలేదు. 1960లో ఆమె కుమార్తెతో ఇస్రాయేలునకు వలసపోయి, ముప్పదితొమ్మిదవ యేట క్రొత్త దేశమున, క్రొత్త భాషతో జీవితము మొదలుపెట్టెను. అక్కడను బ్యాటు విడువలేదు. 1961లో మకాబియా క్రీడలలో గెలిచెను. 2006 ఫిబ్రవరిలో హైఫా నగరమున ఎనుబదినాలుగేండ్ల ప్రాయమున కన్నుమూసెను.

ఇక సోదరి ప్రశ్న. ముందుగా ఒక మాట. మామగారికి సేవచేసి బిడ్డలను పెంచిన యేండ్లను బుకారెస్టులోని ఆ యేండ్లతో మేము పోల్చము. పోల్చుట తప్పు. అక్కడ తలుపు మూసినది మనుష్యులను మనుష్యులుగా చూడని శాసనము. ఇక్కడ ప్రేమయు బాధ్యతయు. అయినను చేతి కాభేదము తెలియదు. కారణమేదైనను, మానిన చేయి మానిన చేయియే. అందుచేత చేతిమట్టుకు ఆమెనుండి నేర్చుకొనవచ్చును.

పుస్తకము చదివి జవాబు చెప్పుట సులభము గనుక మాపై మేమే ఒక పరీక్ష పెట్టుకొంటిమి. మా నాయనగారు మాకు ఇంటిలోనే కావ్యములు చెప్పిరి. శృంగారనైషధము మూడవ యాశ్వాసము నడుమ నుండగా మాకు వివాహము కుదిరినది. పాఠము అక్కడ నిలిచినది. గుర్తుగా పెట్టిన నెమలియీక ఇప్పటికిని ఆ పుటలోనే యున్నది. పదునేడేండ్ల తరువాత, పోయిన శుక్రవారము మధ్యాహ్నము, పిల్లలు బడికి పోయిన పిమ్మట, ఆ పుస్తకము తెరచితిమి. ఒక సీసపద్యమును ఎత్తుకొనగా నాలుక నడక మరువలేదు. యతి యెక్కడ పడునో అక్కడనే పడినది. కాని యర్థము! మూడు పాదములకు ఒక్క మాట తెలిసినది. కన్నులు చెమర్చినవని ఒప్పుకొనుటకు సిగ్గుపడము. శనివారము నిఘంటువు దగ్గర పెట్టుకొంటిమి. ఆదివారము కుదురలేదు, చుట్టములు వచ్చిరి. సోమ మంగళవారములలో రెండు పద్యములు పూర్తిగా తెలిసినవి. బుధవారము తెలిసినవానిలో నొకటి మరల తప్పిపోయినది. ఇట్లున్నది మా సంగతి. చేయి తిరుగునా అన్నచో, మొదట మరవనిది వచ్చును, మరచినది నెమ్మదిగా వచ్చును, కొంత రాదు. రాని కొంతకు బదులు క్రొత్తది ఏదైన చేరునేమో మేమింకను చూడలేదు. ఆంజెలికా యుద్ధమునకు ముందు గెలువని బిరుదును తరువాత గెలిచినది. ఆ లెక్కను మేము గుర్తుంచుకొని నైషధము చదువుచున్నాము.

కావున, సోదరీ, ఆదివారము పొండు. మామగారిని రెండుగంటలు చూచుకొనుటకు మీ వారికి చెప్పుడు. ఆయనకు అలవాటు లేనిచో ఆయనయు క్రొత్తగా నేర్చుకొనవచ్చును; ఆయన వయస్సు మాకు తెలియదు గాని మించిపోయియుండదు. మొదటి నాలుగైదు వారములు పాయింట్లు లెక్కపెట్టవలదు. ఒకే మనిషితో, వచ్చిన బంతి నెల్ల వల దాటించుటయే పనిగా ఆడుడు. కాళ్లు నొప్పి పెట్టును; పెట్టనిండు.

మీ బ్యాటును గూర్చి మా వారు ప్రత్యేకముగా చెప్పుమనిరి. ఊడిన యంచును జిగురుతో అంటించి ఆడబోవలదట. ఎనిమిదేండ్లు పెట్టెలో నున్న రబ్బరు గట్టిపడి నునుపెక్కి బంతిని పట్టదట. బంతి జారిపోవును, మీరు మీ చేతిని నిందించుకొందురు. చెక్క బాగున్నచో చెక్కను ఉంచుకొని, ఆటవస్తువుల దుకాణములో రెండు ప్రక్కల క్రొత్త రబ్బరు వేయించుకొనుడు. వేయించిన తరువాత ఎట్లున్నదో మాకు వ్రాయుడు.